హ్యూగో గ్రోషియసు: నెరవేరిన ప్రవచనముల వివాదము

అంతర్జాతీయ న్యాయమును గూర్చి ముచ్చటించునపుడెల్ల హ్యూగో గ్రోషియసు పేరు వినవచ్చుచుండును. యుద్ధము చేయు రాజులకు సైతము కట్టుబాట్లు కలవని చాటినవాడుగా న్యాయవాదులును, సముద్రము ఏ యొక్క జాతి సొత్తును గాదని వాదించినవాడుగా చరిత్రకారులును అతనిని తలంతురు. పుస్తకముల పెట్టెలో దాగి కారాగారమునుండి తప్పించుకొన్న కథ హాలండు దేశమున చిన్నపిల్లలకును తెలియును. కాని అతని జీవితపు చివరి యేండ్లను ఆక్రమించిన పని వేరు. బైబిలునందలి భయంకర ప్రవచనములు రాబోవు కాలమునకు చెందినవా, జరుగుచున్న కాలమునకు చెందినవా, లేక ఏనాడో జరిగిపోయినవా యను ప్రశ్నపై అతడు తన పాండిత్యమునంతయు వెచ్చించెను. అందుకు అతడు చెప్పిన సమాధానము శత్రువులను పెంచినది; మిత్రులను కొందరిని దూరము చేసినది.

గ్రోషియసు 1583 సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన డెల్ఫ్టు పట్టణమున జన్మించెను. తండ్రి యాన్ పట్టణ పెద్దలలో నొకడు, చదువుకొన్నవాడు, లైడెన్ విశ్వవిద్యాలయ వ్యవహారములు చూచినవాడు. బాలుడు పదునొకండవ యేట, 1594లో, ఆ విశ్వవిద్యాలయమున చేరెను. ఆనాడు అక్కడ జోసెఫ్ స్కాలిజరు అను మహాపండితుడు ఉండెను. ప్రాచీన జాతుల సంవత్సర గణనములన్నింటిని పోల్చి చరిత్రకు కాలనిర్ణయము చేసినవాడు స్కాలిజరు. ఆ విషయమైన అతని ముఖ్య గ్రంథము గ్రోషియసు పుట్టిన యేడే వెలువడెను. ఏ గ్రంథమునైనను అది పుట్టిన కాలములో నిలిపి చదువవలెనను పాఠము శిష్యునకు ఈ గురువునొద్ద అబ్బినది. నలుబది యేండ్ల తరువాత ఆ పాఠమే అతనికి ఆయుధమును, ఆపదయు నైనది.

పదునైదవ యేట అతడు హాలండు రాయబారులతో ఫ్రాన్సు దేశము పోయి, నాల్గవ హెన్రీ రాజు మెప్పు పొంది, ఓర్లియన్సులో న్యాయశాస్త్ర పట్టము తీసికొని వచ్చెను. వెంటనే హేగు నగరమున న్యాయవాదియై, చరిత్రకారుడై, నాటకకర్తయై పేరు తెచ్చుకొనెను. 1603లో డచ్చి నావికులు సింగపూరు చెంత పోర్చుగీసువారి ఓడ నొకదానిని సరకుతో సహా పట్టుకొనగా, ఆ పనిని సమర్థించుచు వ్రాయుమని డచ్చి ఈస్టిండియా కంపెనీవారు గ్రోషియసును కోరిరి. అప్పుడు వ్రాసిన పెద్ద గ్రంథములో ఒక ప్రకరణము మాత్రమే, సముద్ర స్వాతంత్ర్యమును గూర్చినది, 1609లో అచ్చయినది. ఈ కంపెనీయే 1606లో గోలకొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నమున వర్తకశాల పెట్టుకొన్నది. తెలుగువారు ఆ డచ్చివారిని వలందావారనిరి. మచిలీపట్నములోని వలందపాలెము పేరులో ఆ మాట నేటికిని నిలిచియున్నది. తూర్పుదేశపు రాజులు తమ రాజ్యములకు నిజమైన ప్రభువులనియు, పోపు ఇచ్చిన దానపత్రముతో ఆ రాజ్యములు పోర్చుగీసువారివి కాజాలవనియు గ్రోషియసు వాదించెను. యజమానుల లాభమునకై వ్రాసిన వాదమే యైనను అందులో సత్యము లేకపోలేదు.

1608లో అతడు మరియా వాన్ రైగర్స్‌బర్క్ అను వనితను వివాహమాడెను. 1613లో రోటర్డాము నగరమునకు ప్రధాన న్యాయాధికారి యాయెను. సరిగా ఆ సమయముననే హాలండు దేశమును ఒక మతవివాదము రెండుగా చీల్చుచుండెను. మోక్షము పొందువారిని, పొందనివారిని దేవుడు ముందుగనే నిర్ణయించినాడని కాల్విను మతస్థులలో కఠినపక్షమువారు చెప్పుచుండిరి. దేవుని కృపను అంగీకరించుటకును, త్రోసివేయుటకును మనుష్యునకు వీలు కలదని లైడెనులో ఆచార్యుడైన అర్మీనియసు బోధించెను. 1609లో అతడు మరణించినను అతని పక్షము మరణింపలేదు. గ్రోషియసును, అతనికి పెద్దదిక్కైన రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నవెల్టును ఆ పక్షమునకు రక్షకులుగా నిలిచి, ఉభయులును ఒకే సంఘమున ఉండవచ్చునని వాదించిరి. సేనాధిపతియైన మారిస్ రాకుమారుడు కఠినపక్షమును చేపట్టెను. 1618 ఆగష్టులో ఇరువురును బంధితులైరి. 1619 మే 13వ తేదీన, డెబ్బదియొక్క యేండ్ల వృద్ధుడైన ఓల్డెన్‌బార్నవెల్టు శిరస్సు ఖండించిరి. గ్రోషియసుకు యావజ్జీవ కారాగారవాసము విధించి, మాస్, వాల్ నదులు కలియుచోట నున్న లోవెస్టైన్ కోటకు పంపిరి.

కోటలో భార్య అతనితో ఉండుటకు అనుమతి కలిగెను. సమీపమున నున్న ఖోరింఖెమ్ పట్టణమునుండి మిత్రులు పెద్ద పెట్టెలో పుస్తకములు పంపుచుండిరి. చదివినవి ఆ పెట్టెలోనే తిరిగి పోవుచుండెను. మొదట పెట్టెను విప్పి చూచిన కావలివారు క్రమముగా చూచుట మానివేసిరి. మరియా దీనిని కనిపెట్టెను. ఊపిరాడునో లేదో యని భర్తను ముందుగా పెట్టెలో పలుమారులు పరుండబెట్టి అలవాటు చేసెను. 1621 మార్చి 22వ తేదీన గ్రోషియసు ఆ పెట్టెలో ముడుచుకొని పరుండగా సైనికులే దానిని మోసికొనిపోయి పడవ కెక్కించిరి. ఎల్స్యె అను దాసీపిల్ల పెట్టెతో కూడ పోయి, ఏమరుపాటు లేక దానిని ఖోరింఖెములోని మిత్రుని యిల్లు చేర్చెను. అక్కడినుండి తాపీపనివాని వేషమున, చేత కొలబద్దతో, అతడు ఆంట్వెర్పు దారి పట్టెను. మరియా కోటలోనే నిలిచి, భర్త రోగియై పడియున్నాడని నమ్మించి, అతడు దూరము పోయిన పిమ్మట సంగతి బయటపెట్టెను. ప్రభుత్వము ఆమెను కొలది దినములు మాత్రమే నిర్బంధించి విడిచినది. ఆ పెట్టె తమయొద్ద నున్నదే యని హాలండులో ఒకటికంటె ఎక్కువ ప్రదర్శనశాలలు చెప్పుకొనును.

పారిసు నగరమున ఫ్రెంచి రాజు అతనికి భరణము ప్రకటించెను గాని అది సక్రమముగా ముట్టలేదు. ఆ లేమిలోనే 1625లో యుద్ధశాంతి న్యాయములను గూర్చిన మహాగ్రంథము వెలువడినది. 1618లో జర్మనీ దేశమున ఆరంభమైన ముప్పదేండ్ల యుద్ధము అప్పటికి ఏడేండ్లు నడిచియుండెను. కాథలిక్కులును ప్రొటెస్టెంటులును ఒకే క్రీస్తు పేర ఒకరినొకరు చంపుకొనుచుండిరి. గ్రోషియసు 1631లో స్వదేశమునకు మరల పోయి చూచెను. పట్టి యిచ్చినవారికి బహుమానము ప్రకటింపగా మరుసటి యేడు విడిచిపోయెను. 1635 నుండి పదియేండ్లు స్వీడను దేశపు రాయబారిగా పారిసులో నివసించెను. పగలు రాజకార్యములు, రాత్రులు బైబిలు. రాయబారి కార్యాలయములో ఉండవలసిన మనస్సు గ్రంథములపై నున్నదని స్వీడనువారు గొణుగుకొనిన అందులో అన్యాయము లేదు.

ఇక్కడ ఆనాటి ప్రవచన వివాదమును కొంత వివరింపవలసి యున్నది. క్రొత్త నిబంధనలో చివరిదియైన ప్రకటన గ్రంథమున ఏడు తలల క్రూరమృగమును, 666 అను దాని సంఖ్యయు, మహానగర పతనమును వర్ణింపబడినవి. థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికలో పాపపురుషు డొకడు దేవాలయమున కూర్చుండి తన్ను దేవునిగా చూపుకొనునని కలదు. యోహాను పత్రికలలో క్రీస్తు విరోధి యను మాట వచ్చును. మత్తయి సువార్త 24వ అధ్యాయమున యెరూషలేము దేవాలయ నాశనమును గూర్చియు, గొప్ప శ్రమను గూర్చియు క్రీస్తు చెప్పిన సంగతులు కలవు. వీరబ్రహ్మముగారి కాలజ్ఞానమును ప్రతి తరమువారును తమ కాలపు సంగతులకు అన్వయించుకొనుట తెలుగువారికి క్రొత్తగాదు. ఐరోపాలోను అదియే జరిగినది. అయితే అక్కడ అన్వయమునకు వెనుక సైన్యములు నిలిచియుండెను.

లూథరు కాలమునుండి ప్రొటెస్టెంటు పండితులు పోపు పీఠమే క్రీస్తు విరోధి యని బోధించుచుండిరి. 1603లో గాప్ పట్టణమున సమావేశమైన ఫ్రెంచి సంస్కృత సంఘముల మహాసభ ఆ సంగతిని తమ విశ్వాస సూత్రములలో చేర్చెను. 1646లో ఇంగ్లండున సిద్ధమైన వెస్ట్‌మిన్‌స్టరు విశ్వాస ప్రకటనలోను అదియే కలదు. కాథలిక్కు పక్షమున ఇద్దరు స్పెయిను జెసూటు పండితులు రెండు వేర్వేరు దారులు తీసిరి. రిబేరా అనువాడు ఈ ప్రవచనములలో అధికభాగము లోకాంతమున జరుగవలసిన దనెను. 1614లో గ్రంథము ప్రకటించిన అల్కాసరు అనువాడు, మొదటి భాగము యెరూషలేము పతనముతోను, తరువాతి భాగము రోము సామ్రాజ్యమునందలి విగ్రహారాధన అంతరించుటతోను నెరవేరినదనెను. రాబోవు నన్నను, జరిగిపోయెనన్నను, పోపు నేరము మాసిపోవును. కావున ప్రొటెస్టెంటులు ఈ రెండు వాదములను ఎత్తుగడలనిరి. వారి అనుమానమునకు కారణము లేకపోలేదు.

గ్రోషియసు దృష్టిలో ముఖ్యమైన సంగతి వేరు. దేవుడే సర్వనాశనమునకు గురిచేసిన క్రీస్తు విరోధి రోములో కూర్చున్నచో, అతనితో సంధి చేసికొనుట ద్రోహము. యుద్ధము ఆపుట అవిశ్వాసము. ఎన్ని సంధిపత్రములు వ్రాసినను ఆ యొక్క వ్యాఖ్యానము వానినన్నింటిని చింపివేయును. కనుక సమాధానమునకు అడ్డుగా నున్న రాయి రాజనీతిలో లేదు, వ్యాఖ్యానములో నున్నదని అతడు తలంచెను. 1640లో ఆంస్టర్డాములో ఒక చిన్న లాటిను గ్రంథము వెలువడెను. క్రీస్తు విరోధిని గూర్చి చెప్పునట్టివి, లేక చెప్పునని తలంపబడునట్టివి యగు క్రొత్త నిబంధన భాగములకు అది వ్యాఖ్య. గ్రంథకర్త పేరు లేదు. పేరు లేకున్నను ఆ లాటిను ఎవరిదో పండితులకు తెలియుటకు ఎంతో కాలము పట్టలేదు.

అతని పద్ధతి సరళము. ఒక పత్రికను ఎవరు, ఎవరికి, ఎప్పుడు వ్రాసిరి? అందుకొన్నవారికి అది అర్థము కావలెను గదా? దగ్గరలోనే జరుగునని గ్రంథమే చెప్పుచుండగా పదునైదువందల యేండ్ల తరువాతి సంగతులను అందులో వెదకుట ఏల? ఈ సూత్రముతో అతడు పాపపురుషుని రోము చక్రవర్తియగు కలిగులాగా గుర్తించెను. కలిగులా క్రీస్తుశకము 40 ప్రాంతమున తన విగ్రహమును యెరూషలేము దేవాలయమున నిలుపుమని ఆజ్ఞాపించెను. పత్రికలో అడ్డగించువాడని చెప్పబడినవాడు సిరియా పాలకుడైన విటెల్లియసు అనియు, అటుపిమ్మట బయలుపడు దుష్టుడు సీమోను అను మాంత్రికుడనియు గ్రోషియసు వివరించెను. యోహాను చెప్పిన క్రీస్తు విరోధిని 132లో రోముపై తిరుగుబాటు చేసిన యూదుడు బార్ కొఖ్బాగా తీసికొనెను. క్రూరమృగము రోమునందలి విగ్రహారాధన. సంఖ్య 666 ట్రాజను చక్రవర్తిది.

ఈ సంఖ్యా విషయమును చూడుడు. మన గ్రంథములలో కటపయాది సంఖ్యలున్నట్లే గ్రీకులో ప్రతి యక్షరమునకును విలువ కలదు. ట్రాజను వంశనామము ఉల్పియసు. గ్రీకులో దానిని వ్రాసి 70, 400, 30, 80, 10, 70 కూడిన 660 వచ్చును. చివరి సకారమునకు 6 వేసికొన్నచో 666. కాని సకారమునకు వాడుకలో విలువ 200. ఆరింటికి వేరే గుర్తు కలదు. రూపసామ్యమును ఆధారము చేసికొని గ్రోషియసు దానిని ఇక్కడ కూర్చెను. ఇంతటి పండితుడు ఇంత బలవంతపు లెక్కకు దిగుట ఆశ్చర్యమే. కలిగులా విషయమున చిక్కు ఇంకను పెద్దది. ఆ చక్రవర్తి 41 జనవరిలో హతుడాయెను. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసినది అటుపిమ్మట పది యేండ్లకని సామాన్య నిర్ణయము. గ్రోషియసు ఆ రెండవ పత్రిక మొదటిదానికంటె ముందే, కలిగులా బ్రదికియుండగనే వ్రాయబడినదని చెప్పవలసి వచ్చెను. పైగా ఆ విగ్రహము దేవాలయమున నిలువనేలేదు. కాలమును బట్టి గ్రంథమును చదువవలెనన్న వాడు ఇక్కడ గ్రంథమునకై కాలమును జరుపుకొనెను. శాంతి మీది మక్కువ అతని తర్కమును తొందరపెట్టినదని ఒప్పుకొనక తప్పదు.

ప్రత్యర్థులు దీనిని విడువలేదు. సామ్యుయెల్ దెమరే అను ఫ్రెంచి ప్రొటెస్టెంటు ఆచార్యుడు అదే యేడు తీవ్రమైన ఖండనమును ప్రకటించెను. వృద్ధ బోధకుడైన పియెర్ ద్యు మూలెను మారుపేరుతో మరియొకటి వ్రాసెను. గ్రోషియసు 1641లో సమాధానము ఇచ్చెను. దెమరే ఇంటిపేరుకు చిత్తడి నేలయని అర్థము; ఆ సమాధానములో ఆయనను పేరుతో పిలువక బురదలో నుండువాడను అర్థముగల గ్రీకు మాటతో ఎత్తిపొడిచెను. సంఘశాంతిని కోరువాడు ఇట్టి మాట వాడదగునా? ఇరువది యేండ్ల ప్రవాసమును, నిందలును అతని స్వభావమున విషము కొంత చేర్చినవి. లైడెనులో ఆచార్యుడై యుండిన ఆంద్రే రివే 1642 నుండి అతనితో గ్రంథ యుద్ధము సాగించెను. గ్రోషియసు లోలోన కాథలిక్కు ఐపోయెనన్న పుకారు లేచినది. పోపును క్రీస్తు విరోధి కాడనినంతనే పోపు శిష్యుడాయెనని వారి లెక్క. నిజమునకు అతడు ఎన్నడును రోము సంఘమున చేరలేదు. ఏ సంఘములోను బల్లయొద్ద కూర్చుండలేని స్థితి అతనిది.

1641లో సువార్తలకును, 1644లో పాత నిబంధనకును అతని వ్యాఖ్యలు వెలువడినవి. మత్తయి 24వ అధ్యాయములోని శ్రమలను అతడు ముఖ్యముగా క్రీస్తుశకము 70లో తీతు సేనలు యెరూషలేమును నాశనము చేసిన సంగతితో ముడివేసెను. ప్రకటన గ్రంథములో కొన్ని దర్శనములు క్లౌదియ చక్రవర్తి కాలముననే కలిగినవనెను. వెయ్యేండ్ల రాజ్యము కాన్‌స్టంటైను నాటినుండి ఆరంభమైనదనెను. యెషయా 53వ అధ్యాయమున శ్రమనొందు సేవకుడు మొదటి అర్థమున యిర్మీయా ప్రవక్త యనియు, ఉన్నతార్థమున క్రీస్తు అనియు వ్రాయగా ఆగ్రహము మిన్నుముట్టినది. క్రీస్తును గూర్చిన సాక్ష్యమునే పెరికివేయుచున్నాడనిరి. ఇందులో భక్తుల భయమును తేలికగా తీసివేయరాదు. ప్రవచనమునకు అది చెప్పిన కాలముననే తాళము వేసినచో, తమ కన్నీటికి అందులో మాట ఉండునా యని సామాన్యుడు అడుగును. అయితే గ్రోషియసు మృతుల పునరుత్థానమును గాని, చివరి తీర్పును గాని నిరాకరింపలేదు. శత్రువు ముఖము చూపుటకై ప్రవచనమును అద్దముగా వాడరాదన్నంతవరకే అతని పట్టుదల.

1645లో స్వీడను ప్రభుత్వము అతనిని వెనుకకు పిలిచెను. క్రిస్టీనా రాణి మర్యాద చేసెను గాని అక్కడ అతనికి తగిన పని చూపలేదు. ఆగష్టులో ఓడ నెక్కగా తుపాను దానిని పొమెరేనియా తీరమునకు విసిరివేసెను. వానలో, బండిమీద అనేక దినములు ప్రయాణము చేసి, రోస్టాకు పట్టణము చేరునప్పటికి శక్తి ఉడిగిపోయెను. యోహాను క్విస్టోర్పు అను లూథరు శాఖ బోధకుడు చివరి ప్రార్థన చెప్పెను. ఆగష్టు 28వ తేదీన, 62వ యేట, అతడు మరణించెను. దేహమును డెల్ఫ్టుకు తెచ్చి క్రొత్త గుడిలో సమాధి చేసిరి. అతడు కోరిన సంధి మూడేండ్లకు, 1648లో వెస్ట్‌ఫేలియాలో జరిగెను. అందులో క్రీస్తు విరోధి ఎవడన్న ప్రశ్నకు చోటు లేదు.

వ్యాఖ్యలలో మిగిలిన భాగము 1646లోను, 1650లోను అచ్చు పడెను. ఇంగ్లండులో హెన్రీ హామండు అను బోధకుడు 1653లో క్రొత్త నిబంధనకు వ్రాసిన వ్యాఖ్యలో గ్రోషియసు మార్గమును అనుసరించెను. జాన్ ఓవెను దానిని ఎదిరించెను. హామండు మరల సమర్థించెను. తరువాతి శతాబ్దములలో ట్రాజను లెక్కను పండితులు విడిచిపెట్టిరి. హెబ్రీ అక్షరములలో నీరో కైసరు పేరును లెక్కించిన 666 వచ్చునను మతము ఎక్కువ ఆదరణ పొందినది. కలిగులా కథయు నిలువలేదు. కాని ప్రకటన గ్రంథమును రోము సామ్రాజ్యము క్రింద నలిగిన మొదటి సంఘముల కన్నులతో చదువవలెనను మాట నేడు విశ్వవిద్యాలయములలో మొదటి పాఠము. 1878లో జేమ్స్ స్టువర్టు రస్సెల్ అను బోధకుని గ్రంథము ఇంకొక అడుగు వేసి, క్రీస్తు రెండవ రాకయే 70వ సంవత్సరమున జరిగిపోయినదని వాదించెను. గ్రోషియసు అంతదూరము పోలేదు. ప్రవచనములలో కొంతభాగము నెరవేరినదనువారికిని, అంతయు నెరవేరినదనువారికిని, ఏదియు ఇంకను రాలేదనువారికిని నడుమ ఆ వాదము నేటికిని సాగుచున్నది.